మా వీధి చప్పుడు నమ్మదగ్గది కాదు

చప్పుడుకు మందు నిశ్శబ్దం అనుకునేవాళ్లు పాతకాలపు మనుషులు. చప్పుడుకు అసలు మందు దాన్ని నమ్మకపోవడం! అనుమానముంటే మా వీధికొచ్చి చూడండి.

మా ఇంటి వెనక ఇనప గ్రిల్స్ కోసే షెడ్డుంది. కట్టర్ మొదలైతే వంటింట్లో గిన్నెలు వాటంతటవే జరుగుతూ గట్టు చివరికొస్తాయి. మా ఆవిడ నర్సు. రాత్రంతా డ్యూటీ, పగలు పడుకోవాలి. నేను ఆరు నెలలు కాళ్లరిగేలా తిరిగితే మున్సిపల్ ఆఫీసువారు మా వీధి స్తంభానికి చప్పుడు కొలిచే పెట్టె ఒకటి బిగించారు. దానికి కాపలా మనిషి అక్కర్లేదు. తన చెవి సరిగ్గా ఉందో లేదో గంటకోసారి తనే పరీక్షించుకుంటుంది! అత్తగారి వినికిడి గురించి ఏ ఇంట్లోనైనా ఇంత శ్రద్ధ చూశారా?

పరీక్ష సులువే. ఊరి చివర పార్కులో ఇలాంటిదే ఇంకో పెట్టె ఉంది. రెండింటి లెక్కా దగ్గరగా ఉంటే మా పెట్టె ఆరోగ్యంగా ఉన్నట్టు. కట్టర్ మోగగానే తేడా వస్తుంది. వెంటనే మా పెట్టె తన చెవికే జబ్బు చేసిందని ఒప్పుకొని, విన్నదంతా చెరిపేసుకుంటుంది. ఇంత వినయం మనుషుల్లో ఉందా!

మూడు నెలల పగటి లెక్కల్లో నమ్మదగ్గవి నలభై నిమిషాలు తేలాయి. అదీ కరెంటు పోయినప్పుడు. పెట్టెకు బ్యాటరీ ఉంది, కట్టర్‌కు లేదు. ఆ నలభై నిమిషాల పుణ్యమా అని మాకు ‘నిశ్శబ్ద వీధి’ బోర్డు వచ్చింది. దాని ఇనప ఫ్రేము మా వెనక షెడ్డులోనే కోశారు.

ఆఫీసుకెళ్లి గొంతు చించుకున్నాను. అంత గట్టిగా చెబితే నమ్మడం కష్టమన్నారు ఇంజనీరుగారు. మెల్లగా చెప్పాను. అయితే ఇబ్బందేమీ లేదని రాసుకున్నారు.

నిన్న పొద్దున మా ఆవిడ డ్యూటీ నుంచి వచ్చి, చెప్పులైనా విప్పకుండా కూర్చుండిపోయింది. ఒక రోగికి వేయాల్సిన ఇంజెక్షన్ పక్క మంచం రోగికి వేయబోయిందట.

“నిద్ర లేక నన్ను నేను నమ్మడం మానేశానండీ. సూది పెట్టేముందు ఎందుకైనా మంచిదని పేరడిగాను. ఆయన వేరే పేరు చెప్పాడు,” అంది.

ఆ రోగి బతికిపోయాడు. ఎందుకంటే మా ఆవిడ తన తప్పొప్పులు తేల్చుకోవడానికి ఊరి చివర పార్కును అడగలేదు, మంచం మీదున్న మనిషిని అడిగింది. మా వీధికొచ్చి మనిషిని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.