బొద్దయ్యగారి కిడ్నీ రిపోర్టు

ఒక పెద్ద అడవిలో పొట్టను బట్టే పెద్దరికం. ఆ లెక్కన అడవి సభకు అధ్యక్షుడు ఎలుగుబంటి బొద్దయ్య కాక ఇంకెవరవుతారు చెప్పండి! పూటకో తేనెపట్టు, మధ్యలో నంజుకోవడానికి చెదపురుగులు. కూర్చుంటే లేపడానికి ఇద్దరు కావాలి. అదీ హోదాయే మరి.

ఎండాకాలం నుంచీ ఒంట్లో నలతగా ఉన్న సింహం ఒకరోజు ఆర్డరు వేసింది. పదవుల్లో ఉన్నవాళ్లంతా కిడ్నీ పరీక్ష చేయించుకోవాలట. రిపోర్టు బాగాలేకపోతే కుర్చీ దిగాలట.

బొద్దయ్యకు కొన్నాళ్లుగా పాదాలు వాస్తున్నాయి, మూత్రంలో నురుగు పడుతోంది. డాక్టరు కొంగ దగ్గరికి వెళ్లాడు.

"కిడ్నీలు రెండే కదండీ," అంది కొంగ కళ్లజోడు సర్దుకుని. "తమరేమో ముగ్గురి పెట్టు ఉన్నారు. అంత చాకిరీ అవెక్కడ చేస్తాయి? బరువుతో పాటు బీపీ, షుగరూ వస్తాయి. నొప్పయినా లేకుండా కిడ్నీలు లోలోపలే పాడవుతాయి. ఇప్పుడైనా తగ్గండి. రేపు పొద్దున్నే పరీక్షకు మూత్రం సీసా పంపండి."

"తగ్గితే నన్నెవరు ఖాతరు చేస్తారు డాక్టరుగారూ?" అని ఉసూరుమన్నాడు బొద్దయ్య.

బయటికి రాగానే పీఏ నక్క చెవి దగ్గర చేరింది. "ఈ మాత్రానికేనా సార్! రోజంతా పరుగులు తీసే జింక లేదూ? దానిది పట్టి, సీసా మీద మీ పేరు రాస్తే సరి."

సరే అన్నాడు. సభ రోజున కొంగ ఆ రిపోర్టు చూసి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూసింది. "ఇంత ముచ్చటైన కిడ్నీలు నా సర్వీసులో చూడలేదు!"

ఒకటే చప్పట్లు. బొద్దయ్య మెడలో దండ కూడా పడింది. అప్పుడు సింహం మెల్లగా లేచింది.

"బొద్దయ్యా, నా కిడ్నీలు రెండూ పోయాయి. నీదొకటిస్తే బతుకుతాను. ఎల్లుండే ఆపరేషన్."

"త్యాగమూర్తి!" అని అందరికన్నా ముందు నక్కే అరిచింది.

బొద్దయ్య లెక్కేసుకున్నాడు. ఉన్న రెండే అంతంతమాత్రం, అందులో ఒకటి పోతే? ప్రాణమే పోయాక కుర్చీ ఎవడికి కావాలి? "ప్రభూ, అది నాది కాదు! జింకది!" అని బావురుమన్నాడు.

జింక అప్పటికే రెండు కొండలు దాటేసింది. నక్క తనకేం తెలీదంది. కొంగ అక్కడికక్కడే మళ్లీ పరీక్ష చేసింది, బొద్దయ్య కుర్చీ పోయింది.

ఇప్పుడాయన రోజూ పొద్దున్నే కొండ చుట్టూ నడుస్తున్నాడు. పొట్ట కరిగింది, పాదాల వాపు తీసింది. "భేష్! కిడ్నీలు బాగా తేరుకున్నాయి," అని కొంగ మొన్న గట్టిగా మెచ్చుకుంది.

"ష్... మెల్లగా చెప్పండి డాక్టరుగారూ," అని బొద్దయ్య సింహం గుహ వైపు బెదురుగా చూశాడు. "పెద్దాయన ఇంకా వెతుకుతూనే ఉన్నారు."

నీతి: దొంగ రిపోర్టు తెప్పించుకునేటప్పుడు, అందులో కాస్త జబ్బు కూడా ఉండేలా చూసుకోవాలి.