సుల్తాన్ గీసిన గీత

బయ్యన్న పది గంటలకు వస్తానన్నాడు. తొమ్మిదింటికల్లా గోడౌన్ కడిగేసి, పదమూడు పిల్లులకూ ఒళ్లు దువ్వి వరసగా కూర్చోబెట్టాలని ఆరీఫా పొద్దున్నే ప్లాను వేసుకుంది. ప్లానులో లోపమేమీ లేదు. లోపాలన్నీ పిల్లుల్లోనే ఉన్నాయి.

ఉరవకొండ బయట రోడ్డు పక్కనున్న ఆ రేకుల గోడౌన్ బయ్యన్నది. సగంలో ఆయన విత్తనం శెనక్కాయల మూటలు, మిగతా సగంలో ఆరీఫా నడిపే పిల్లుల ఆశ్రమం. రెండేళ్ల కిందట ఆమె జాగా అడగబోతే, బయ్యన్న మొదటి మాట దగ్గరే ఆపేశాడు. "పిల్లులా? మంచిదే కదమ్మా. నా మూటలకు ఎలకల బాధ తప్పుతాది. బాడుగేం వద్దులే" అన్నాడు. ఎట్లాంటి పిల్లులో ఆయన అడగలేదు. అడగని ప్రశ్నకు జవాబు చెప్పడం మర్యాద కాదని ఆరీఫా ఊరుకుంది.

ఆటో అనే పిల్లికి మూడే కాళ్లు. పైలట్‌కు రెండు కళ్లూ కనబడవు. ఎక్స్‌ప్రెస్‌కు పుట్టుకతోనే మెదడులో తేడా. తూర్పుకు బయలుదేరి పడమరకు చేరుతుంది, దారిలో నాలుగుసార్లు పడుతుంది. కలెక్టర్‌కు అన్నీ బాగున్నాయి, చెవులు తప్ప. ఎవరేం మొరపెట్టుకున్నా ప్రశాంతంగా చూస్తాడు. ఇక సుల్తాన్. లారీ తగిలి వాడి నడుము విరిగింది. వెనక కాళ్లు రావు, ఉచ్చ తనంతట తాను పోయలేడు. పొద్దునొకసారి, సాయంత్రమొకసారి పొట్ట నొక్కి పోయించాలి, నొక్కినవాళ్లు గోడ మీద టిక్కు పెట్టాలి. ఒక పూట మరిస్తే ప్రాణం మీదికొస్తుంది. అంత నొక్కినా చుక్కచుక్కగా కారుతూనే ఉంటుంది. రోజంతా ముందు కాళ్లతో ఈడ్చుకుంటూ మూటల చుట్టూ తిరిగి రాజ్యం చూసుకుంటాడు. వాడు పోయిన దారి వెంట తడి గీత పడుతుంది.

ఈ సంగతులన్నీ ఎవరో బయ్యన్న చెవిన వేశారు. రాత్రి ఫోన్ చేశాడు. "అన్నీ అవిటివంటనే అమ్మా? రేపొచ్చి చూస్తా. ఒక్క మూటకు బొక్క కనబడినా ఎల్లుండికి ఖాళీ చేయాల."

మూటలను ముట్టుకోకూడదన్నది ఆయన షరతు. టార్పాలిన్ కింద బొక్కలున్నాయో లేవో ఆరీఫాకూ తెలియదు. తెలిసిందల్లా ఒకటే: ఇక్కడి నుంచి పంపిస్తే పదమూడింటికీ ఇంకో నీడ లేదు. మామూలు మనుషులకు ఇల్లు అద్దెకివ్వడానికే జిల్లాలో వంద ప్రశ్నలు వేస్తారు.

నీళ్ల ట్యాంకరు మూడు రోజులకొకసారి వస్తుంది. డ్రమ్ములో మిగిలిన నీళ్లు పిల్లుల సగం కడగడానికే అయిపోయాయి. మూటల వైపు కంపు అట్లే ఉండిపోయింది.

"కడిగితే ఏమొస్తాది మే?" అన్నాడు ఆమె భర్త హబీబుల్లా. ఆటో తోలుతాడు, సలహాలు ఉచితంగా ఇస్తాడు. "ఆయప్ప చూసేది నేల కాదు, ఎలకలు. పిల్లి ముందర ఒక్క ఎలకుంటే సాలు, పట్టినట్లే లెక్క."

"యాడ తెస్తావు ఎలకను?"

"ఓబుళేసు అంగట్లో కరువా?"

జిల్లాలో దేనికి కరువొచ్చినా ఓబుళేసు కిరాణా అంగట్లో ఎలకలకు రాలేదు. "ఒకటి సాలప్పా" అంటే, "జత విడదీస్తే పాపం, రెండూ తీసుకపో" అని బోనుతో సహా చేతిలో పెట్టాడు.

హబీబుల్లా ఆ బోనును కలెక్టర్ ముందు పెట్టాడు. చూడ్డానికి ఆరోగ్యంగా ఉండేది వాడొక్కడే. కలెక్టర్ రెండు ఎలకలనూ అర్జీలు పట్టుకొచ్చిన వాళ్లను చూసినట్లు చూసి కళ్లు మూసుకున్నాడు.

అప్పుడే బయట జీపు హారన్ మోగింది. టైము తొమ్మిదింబావు.

హారన్‌కు కలెక్టర్ తప్ప అందరూ ఉలిక్కిపడ్డారు. ఎక్స్‌ప్రెస్ లేచి, గుమ్మం వైపు బయలుదేరి, మామూలుగానే వెళ్లి బోను మీద పడింది. తలుపు తెరుచుకుంది. ఎలకలు రెండూ బయటికొచ్చాయి. తెల్ల పంచె, తెల్ల చొక్కాలో బయ్యన్న లోపలికొచ్చాడు.

"పెండ్లికి పోవాల, అందుకే ముందొచ్చినా" అంటూ ఆగిపోయాడు.

ఆటో ఎలకలను తరుముతూ ఎడమ పక్కకే మూడు చుట్లు తిరిగింది. పైలట్ శబ్దాన్ని బట్టి గురి చూసి ఎగిరి, బయ్యన్న ఎడమ చెప్పు పీక పట్టుకున్నాడు.

"ఏమ్మా, ఇంతింత ఎలకలుండాయే."

"మీ ఎలకలు కావన్నా" అన్నాడు హబీబుల్లా. "బయట నుంచి తెప్పించినాం."

"ఎలకలను తెప్పించినారా?"

"ఈడ దొరకవు కదన్నా. పిల్లులకు ప్రాక్టీసు పోతాది."

"నా గోడౌన్లోకి ఎలకలను ఆటోలో తోలుకొచ్చినావా?"

"చార్జీ తీసుకోలేదన్నా."

ఎలకలు నేరుగా మూటల వైపు పరుగెత్తాయి. ఆరీఫా కళ్లు మూసుకుంది. ఏ శబ్దమూ రాకపోయేసరికి తెరిచింది. రెండూ మూటలకు మూరెడు దూరంలో, సుల్తాన్ తడి గీత ముందు నిలబడి ఉన్నాయి. వాసన చూశాయి. ఒకటి వెనక్కి తిరిగి బయ్యన్న కాళ్ల మధ్య నుంచి రోడ్డెక్కి కళ్యాణదుర్గం వైపు పోయింది. రెండోది మూటలను చూసింది, గీతను చూసింది, వెళ్లి బోన్లో కూర్చుంది.

బయ్యన్న టార్పాలిన్ ఎత్తాడు. ప్రతి మూటా తడిమి చూశాడు. ఒక్క బొక్క లేదు. గొంతుక్కూర్చుని గీతను వేలితో తాకి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఏందమ్మా ఇది?"

ఇక దాచేదేం లేదనుకుంది ఆరీఫా. "సుల్తాన్ పోసిందన్నా. రోజూ కడుగుతాం, ఈ పొద్దు నీళ్లు చాల్లేదు. తప్పు నాదే."

సుల్తాన్ మూట పక్కన కదలకుండా పడుకుని ఉన్నాడు. వాడి పొట్ట కడవలా ఉంది.

"ఏమయ్యా, పొద్దున వీడిని నొక్కినావా?"

"నువ్వు నొక్కినావు కదా. గోడ మీద టిక్కుండాదే."

"అది నిన్న సాయంత్రంది. ఈ పొద్దు నువ్వే నొక్కినావనుకుంటి నేను."

మూటలు, బాడుగ, ఎల్లుండి, అన్నీ ఆమె మరిచిపోయింది. కానీ ఆమె కంటే ముందు బయ్యన్న వంగి, "ఈడేనా సుల్తాన్?" అని రెండు చేతులూ పొట్ట కింద వేసి ఎత్తాడు.

తర్వాత జరిగింది నిమిషమున్నర పాటు జరిగింది.

"అల్లా, వచ్చింది" అంది ఆరీఫా రెండు చేతులూ ఎత్తి. ఆ తర్వాతే పెళ్లి పంచె చూసింది. "అన్నా, ఇట్లియ్యండి..."

"కదలద్దు. పోనీ." బయ్యన్న విగ్రహంలా నిలబడ్డాడు. "పోయినేడు బెంగళూర్లో నాకు ఆపరేషన్ చేసి నాలుగు దినాలు పైపు పెట్టినారు. ఈ సుఖమేందో నాకు తెలుసు." సుల్తాన్ వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "పోయ్ నాయనా, నిదానంగా పోయ్."

సుల్తాన్ కళ్లు సగం మూతపడ్డాయి. ఆరీఫా మూటకు ఆనుకుని కూలబడింది. రెండేళ్లలో ఆమె ఆ గోడౌన్లో అంత హాయిగా కూర్చోవడం అదే మొదటిసారి.

"మరి కాయలకు వాసన పట్టదాన్నా?" అని అడిగాడు హబీబుల్లా. అడగకుండా ఉంటే పోయేది.

"అవి తినేటివి కాదప్పా, విత్తేటివి. వాసన భూమికి కదా." బయ్యన్న ఆరీఫాకు వేలు చూపించాడు. "ఇంగొక మాట. ఆ పక్క ఎప్పుడన్నా కడిగినావంటే మాత్రం ఖాళీ చేయిస్తా."

ఆయన హబీబుల్లా లుంగీలో పెళ్లికి పోయాడు. అప్పటి నుంచి ప్రతి శుక్రవారం ఆయన జీపు వస్తుంది. సుల్తాన్ ముందు సీట్లో కూర్చుని బయ్యన్న ఇంటి అటక మీద డ్యూటీ చేసి, సాయంత్రం నొక్కే టైముకు తిరిగొస్తాడు.

బోనును, అందులోంచి ససేమిరా బయటికి రానంటున్న ఎలకతో సహా, హబీబుల్లా వాపసు ఇవ్వబోతే, ఓబుళేసు చేతులు కట్టుకుని గోడ మీది బోర్డు చూపించాడు: "ఒకసారి ఇచ్చిన సరుకు తిరిగి తీసుకోబడదు."