ఐదుసార్లు దిద్దిన మొదటి పేజీ

ఆ ఉదయం స్కేలు బాబాయ్ మామూలుగానే ఎనిమిదింటికి వచ్చి, కళ్లద్దాలు తుడుచుకుని, మధ్యాహ్నం పేపరుకు మొదటి పేజీ పెడదామని తన బల్ల దగ్గరికి వెళ్లాడు. ముప్పై ఏళ్లుగా ఏ వార్త ఎన్ని అంగుళాలో ఆయన కొలిచి సర్దిన బల్ల అది. ఇవాళ దాని ముందు యజమాని గారి అల్లుడు కంప్యూటరు పెట్టుకుని కూర్చున్నాడు. పేపరు వెబ్‌సైటు నడిపేది ఆయనే.

"ఇక కొలతలక్కర్లేదు బాబాయ్. వెబ్‌సైటులో వార్తలు పెట్టే సాఫ్ట్‌వేరునే పేపరుకీ తిప్పేశాను. ఈ బటన్ నొక్కితే పేజీ దానంతటదే సర్దుకుని, తిన్నగా కింద మిషనుకెళ్లి అచ్చయిపోతుంది."

"తప్పొస్తే బాబూ?"

"దిద్ది మళ్లీ నొక్కడమే. తప్పు మాయం!"

పక్కనే ఉన్న యజమాని గొంతు సవరించుకున్నాడు. "ఈ పూట సవ్యంగా వస్తే రేపట్నుంచి నువ్వు హాయిగా ఇంటిపట్టున ఉండొచ్చు స్కేలూ."

హాయి అన్న మాట ఆ నోట వినడం ముప్పై ఏళ్లలో ఇదే మొదలు. బాబాయ్ స్కేలు పట్టుకుని పక్క కుర్చీలో కూర్చున్నాడు.

ఆ రోజు పెద్ద వార్త, గులాబీల పోటీలో యజమాని భార్యకు వరుసగా మూడోసారి మొదటి బహుమతి. పక్కన చిన్న వార్త, ఒక జేబుదొంగ దొరకడం. పదకొండింటికి అల్లుడు నొక్కాడు. కట్టలు బండెక్కాయి. పావుగంటలో యజమాని భార్య ఫోను చేసింది.

"ఏం బాబూ, గెలిచింది నేనా, మా అక్కా?"

వెడల్పాటి ఫొటోను సాఫ్ట్‌వేరు పేజీకి తగ్గట్టు రెండు పక్కలా కోసేసింది. మధ్యలో నిలబడ్డ అక్కగారు మిగిలారు. ఆవిడకు ఏ బహుమతీ రాలేదు.

"ఎంతలో పని అత్తయ్యా!" అని అల్లుడు దిద్ది నొక్కాడు. ఆగిపోయిన మిషను కింద మళ్లీ గుర్రుమంది.

బాబాయ్ లేచాడు. "బాబూ, మళ్లీ అచ్చవుతున్నట్టుంది..."

"మీరు కూర్చోండి బాబాయ్."

కూర్చున్నాడు. తెర మీద తప్పు మాయమైన మాట నిజమే. ఆ సంగతి వీధిలో ఉన్న పేపర్లకు మాత్రం తెలియలేదు.

రెండో అచ్చులో ఫొటో నిండుగా వచ్చి, కింది వరుసల్ని పక్కకు నెట్టింది. దొంగ బొమ్మ కింద "వరుసగా మూడోసారి ఘనవిజయం" అని పడింది. యజమాని భార్య బొమ్మ కింద "ఎట్టకేలకు పట్టుబడ్డారు" అని పడింది. అల్లుడు అదీ దిద్దాడు. ఈసారి దొంగకు చోటు చాలక, సాఫ్ట్‌వేరు ఆ వార్తను గులాబీల వార్తలో కలిపేసింది. "ఆమె పెరట్లో ప్రేమగా పెంచిన ఇరవై రెండు పర్సులను పోలీసులు స్వాధీనం చేసుకున్నారు."

ఆవిడ గెలిచిన కప్పు చేత్తో పట్టుకుని స్వయంగా వచ్చింది.

"నా పెరట్లో పర్సులు కాస్తున్నాయా?"

"ఒక్క నిమిషం అత్తయ్యా!" అంటూ అల్లుడు కంగారులో ఇంకో రెండుసార్లు నొక్కాడు. ఒకదాంట్లో కప్పు దొంగకు దక్కింది. ఇంకోదాంట్లో గులాబీలకు బెయిలు దొరకలేదు.

యజమాని పరుగున వచ్చి కంప్యూటరు తీగ పీకేశాడు. "లేవయ్యా స్కేలూ, నువ్వే పెట్టు!"

బాబాయ్ కొలిచాడు, గీశాడు, సర్దాడు. అరగంటలో కళ్లకద్దుకునేలాంటి పేజీ బయటికి వెళ్లింది.

నాలుగింటికి ఆ కట్టలు విప్పకుండానే తిరిగొచ్చాయి. వెనకే పేపర్ల కొట్టాయన వచ్చాడు.

"ఇందులో ఏముందని కొంటారండీ? అన్నీ సరిగ్గానే ఉన్నాయి. మొదటి ఐదు రకాలూ ఎగరేసుకుపోయారు. ఆరోది ఎప్పుడంటూ జనం కొట్టు దగ్గర కాచుకుని ఉన్నారు."

"ఆరోది ఇదేగదయ్యా!"

"జనం ఒప్పుకోవడం లేదండీ."

యజమాని కట్టలకేసి చూశాడు, తర్వాత బాబాయ్‌కేసి చూశాడు. బాబాయ్ స్కేలు తీసి సంచిలో పెట్టుకున్నాడు.

"ఎక్కడికి? పొద్దున్నే రా. పేజీ సాఫ్ట్‌వేరే పెడుతుంది. అది ఖర్మకాలి సరిగ్గా పెట్టిందనుకో, ఓ రెండు మూడు తప్పులు నువ్వు సర్దు."

"మొదటి తప్పు మా అక్క మీద పెట్టండి," అంది భార్య.

"నాకా పని రాదండీ," అన్నాడు బాబాయ్.

ఉద్యోగం నిలబడింది. అనుభవం లేనందువల్ల మూడు నెలలపాటు అల్లుడుగారి దగ్గర శిక్షణ పొందాలని మాత్రం షరతు పెట్టారు.