అప్పు చెయ్యని ముంగిస

ఒక పెద్ద అడవిలో తేనె బ్యాంకు ఒకటి ఉండేది. దాని మేనేజరు భల్లూకరావనే ఎలుగుబంటి. తేనె కాపలాకి ఎలుగుబంటిని ఎవరు పెట్టారని అడక్కండి, అడవిలో ఉద్యోగాలు అలాగే ఇస్తారు.

ఒకరోజు ఆ బ్యాంకుకి మెరిక అనే ముంగిస పిల్ల వచ్చింది. పాము కనిపిస్తే అడవంతా ముంగిసల్నే పిలుస్తుంది. కరిచాక పిలవడానికి మాత్రం ఎవరూ లేరు. అందుకే పాముకాటు వైద్యం నేర్చుకోవాలని మెరిక పట్టుదల. ఆ చదువు ఏటి అవతల కొండముచ్చు పంతులు చెబుతాడు. ఫీజు కుండెడు తేనె. వానలకి ఏరు పొంగిందంటే మళ్లీ వచ్చే ఏడాదే దాటడం.

"ఇదివరకు ఎక్కడైనా అప్పు చేశావా అమ్మాయ్?" అని అడిగాడు భల్లూకరావు.

"అబ్బే, లేదండీ! మా ఇంటావంటా లేదు," అంది మెరిక గొప్పగా.

భల్లూకరావు మొహం చిన్నబోయింది. "అయ్యో! అప్పే చెయ్యనిదానివి, తీరుస్తావని ఎలా నమ్మను? చరిత్ర కావాలమ్మా, చరిత్ర!"

"మీరిస్తే అదే మొదలవుతుంది కదండీ?"

"మొదటి అప్పు మేం ఇవ్వం. రెండోదైతే చూద్దాం."

అంతలో నక్క వచ్చింది. అడవిలో అది బాకీ పడని గడప లేదు. భల్లూకరావు లేచి, తన పీట దానికి వేసి, పాత అప్పు తీర్చుకోమని కొత్త అప్పు ఇచ్చి సాగనంపాడు.

బయట దిగులుగా కూర్చున్న మెరికని చూసి నక్క జాలిపడింది. జాలికి ఖర్చేమీ లేదు కదా.

"పిచ్చిపిల్లా, అవసరం ఉన్నప్పుడు అప్పు అడుగుతారా ఎవరైనా? అవసరం లేనప్పుడు తీసుకో, సాయంత్రానికి తిరిగిచ్చెయ్. నేనిస్తాగా."

"తినకుండానా మామా?"

"తింటే అది భోజనం. తినకపోతే చరిత్ర."

ఆనాటినుంచి మెరిక పొద్దున్నే నక్క దగ్గర దొప్పెడు తేనె తెచ్చుకునేది. ఆకలేసినా ముట్టకుండా, చీమలు పట్టకుండా రోజంతా కాపలా కాసేది. సాయంత్రం తేనె తిరిగిచ్చి, వడ్డీ కింద ఏటి పీతని సమర్పించుకునేది. ఇదంతా కొమ్మమీద చిలక బట్టీపట్టేది. ఎవరి అప్పుల సంగతైనా బ్యాంకుకి ఒప్పజెప్పేది ఆ చిలకే.

మబ్బులు కమ్ముకున్నాయి. మెరిక బ్యాంకుకి పరిగెత్తింది. భల్లూకరావు చిలకని పిలిపించాడు.

"మెరిక తీసుకుంది! మెరిక తీర్చింది! మళ్లీ తీసుకుంది! మళ్లీ తీర్చింది! మళ్లీ తీసుకుంది!"

భల్లూకరావు తల పట్టుకున్నాడు. "రోజూ అప్పేనా! ఇలాంటి అప్పులమారి పిల్లకి కుండెడు తేనె ఎలా ఇస్తానమ్మా? ఓ ఏడాది అప్పు చెయ్యకుండా ఉండి రా."

"అలా ఉండే మొదటిసారి వచ్చానండీ!" అంది మెరిక. ఏడుపు ఆగలేదు దానికి.

"మెరిక అడిగింది! బ్యాంకు పొమ్మంది!" అని చిలక ఆ ముక్క కూడా బట్టీపట్టసాగింది.

మెరిక ఉత్త చేతులతోనే ఏరు దాటేసింది. కొండముచ్చు పంతులు ఎగాదిగా చూశాడు.

"పామంటే భయమా?"

"లేదండీ."

"అయితే కూర్చో. ఫీజు నీ మొదటి రోగి ఇస్తాడులే."

చదువు పూర్తిచేసుకుని మెరిక తిరిగొచ్చింది. కొద్దిరోజులకే, చెదల కోసం పుట్టలో చెయ్యి పెట్టిన భల్లూకరావుని పాము కరిచింది. లబోదిబోమంటూ మెరిక ముందు మొదటి రోగిగా వచ్చి పడ్డాడు.

మెరిక వేరు నూరుతూనే అడిగింది. "ఇదివరకు ఎప్పుడైనా పాము కరిచిందాండీ?"

"లేదు తల్లీ! ఇదే మొదలు!"

"అయ్యో! ఒక్కసారైనా కరిపించుకోనివారు, బతుకుతారని ఎలా నమ్మనండీ? మొదటి కాటుకి మేం మందివ్వం. రెండోదైతే చూద్దాం."

భల్లూకరావు గుడ్లు తేలేశాడు. మెరికకి నవ్వాగలేదు. నవ్వుతూనే మందు గొంతులో పోసింది.

బతికి బయటపడ్డ భల్లూకరావు ఫీజు ఇద్దామని బ్యాంకు కుండ మూత తీస్తే అడుగు కనిపించింది. ఉన్నదంతా ఏనాడో మంచి చరిత్ర ఉన్న నక్క పట్టుకుపోయింది. మేనేజరయ్యాక మొదటిసారి ఆయన చెట్టెక్కి, తేనెటీగల చేత కుట్టించుకుని, తేనె దింపి పంతులికి పంపాడు.

నీతి: అప్పు చెయ్యకుండా బతకడం గొప్పే, కానీ ఆ సంగతి బ్యాంకులో మాత్రం చెప్పకండి.