అర్హత సంపాదించిన కప్పలు

అంతరించిపోతున్న ప్రాణులను కాపాడే యువతీయువకులు ప్రపంచంలో ఏ మూలనున్నా వెతికి పట్టుకుని సన్మానించడం మా సంఘం పవిత్ర కర్తవ్యం. ఈసారి వెతికే శ్రమ తప్పింది. మా సభాభవనం వెనక మడుగు దగ్గరే ఒకరు దొరికారు. దర్జీగారి చిన్నమ్మాయి. ఇంకెక్కడా కనబడని పచ్చచారల కప్పలను ఆ పిల్ల కంటికి రెప్పలా కాపాడుతోందని విని మేం పొంగిపోయాం.

తీరా విచారిస్తే, మరీ ఎక్కువ కాపాడేసింది. మడుగు నిండా కప్పలే! ప్రాణి అంతరించే దశలో ఉండి తీరాలని మా నిబంధన.

"ఇంతలా కాపాడమని నీకెవరు చెప్పారమ్మా?" అని అధ్యక్షులవారు నొచ్చుకున్నారు. "కాస్త ముందూ వెనకా చూసుకోవద్దూ?"

"నాకు సన్మానం వద్దండీ. ఆ మడుగు పూడ్చకండి, చాలు. అది పోతే వాటికి ఇంకో చోటు లేదు," అంది ఆ పిల్ల.

ఏం చేస్తాం? విదేశీ అతిథుల కార్లు నిలపడానికి మడుగు పూడ్చాలని అప్పటికే తీర్మానించాం. కార్లను నెత్తిన పెట్టుకోలేం కదా!

లారీలు మట్టి పోస్తుంటే ఆ పిల్ల ఏడుస్తూ మోకాలి లోతు బురదలో దిగి, చేతికందినవి బకెట్లో వేసుకుంది. బతికినవి రెండు. అధ్యక్షులవారి ముఖం విప్పారింది.

"చూశారా, ఓపిక పడితే అర్హత దానంతట అదే వస్తుంది," అన్నారు.

సన్మానం రెండు వారాల తర్వాత ఓ సాయంత్రం జరిగింది. కార్లు ముచ్చటగా వరస కట్టాయి. ఈమధ్య దోమలు కాస్త పెరిగాయి. కారణమేమిటో పురపాలకులే తేల్చాలి. ఆ పిల్లకు గాజు కప్పను బహూకరించాం. అసలు కప్పల కంటే అందంగా ఉంది, పైగా అరవదు.

"ప్రకృతి మన తల్లి..." అని అధ్యక్షులవారు అందుకున్నారో లేదో, చప్పట్లు మొదలయ్యాయి. ఇక ఆగలేదు. ఉత్సాహం పట్టలేక కొందరు మెడ మీద, కొందరు మోకాళ్ళ మీద, ఒకాయనైతే పక్కాయన వీపు మీద కూడా కొట్టారు. ఇంత స్పందన మా సంఘం చరిత్రలో లేదు.

చివర్లో ఆ పిల్ల బకెట్ పట్టుకుని మైకు దగ్గరికొచ్చింది.

"ఈ రెండింటినీ ఎక్కడ వదలమంటారు?"

జవాబు చెబుదామనే అనుకున్నాం. చప్పట్లు మాట్లాడనివ్వలేదు.

మీరూ వచ్చారుగా, చూశాను. మా అందరికంటే గట్టిగా కొట్టింది మీరే. ఇంటికెళ్ళాక అరచేతులు చూసుకునే ఉంటారు. ఆ నెత్తురు ఎవరిదోనని కంగారుపడకండి. మనదే.