సూర్యప్రకాశం గారి పాఠకవిజయము

గౌతమీతరంగ శీకర శీతలమగు రాజమహేంద్రవరమున, ఇన్నీసుపేట మేడగదియందు, రెండువేల ఎనిమిదవ సంవత్సరపు ఫాల్గుణమాసాన, కరెంటు పోకుండుటే దైవానుగ్రహమగు ఒకానొక శుభోదయమున, గణాంకశాస్త్ర బోధనాధురంధరుడు, డిగ్రీకళాశాలా శిఖామణి సూర్యప్రకాశం గారు కంప్యూటరునకు అభిముఖుడై ఆసీనుడయ్యెను.

వారము క్రిందటనే ఆ మహామహుడు తన సరికొత్త బ్లాగునందు పనసపొట్టు కూరపై ఒక వ్యాసబ్రహ్మాస్త్రమును సంధించి లోకముపైకి విడిచియుండెను. ఎందరు వచ్చి చూచిరో తెలుపు కౌంటరు నొకదానిని పుట అడుగున ప్రతిష్ఠించెను. అది దినదినప్రవర్ధమానమై మున్నూరు దాటినంతనే, స్టాఫ్‌రూమున సహాధ్యాపకుల యెదుట మీసము దువ్వి, “మున్నూరుమంది పాఠకులు!” అని సింహనాదము గావించెను.

ఆ ఉదయమున ధర్మపత్ని హైమవతి కాఫీగ్లాసుతో వచ్చి, భర్త పుట తెరచుట, అంకె ఒకటి పెరుగుట, ఆయన పులకించుట, మరల తెరచుట, మరల పెరుగుట రెప్పవేయక తిలకించి పలికెను:

“ఏవండీ, మీరు తెరిచినప్పుడల్లా పెరుగుతోందేంటండీ అది?”

వజ్రాహతమైన పర్వతమువలె ఆయన కుర్చీలో కూలెను. హా! ఆ మున్నూరుమంది సేనావాహినియు తానే! ఇక స్టాఫ్‌రూమున ఏ ముఖము చూపగలడు? అంతలోనే లేచి, ముంజేయి పైకెత్తి గర్జించెను:

“వినుము హైమా! ఆదివారము మధ్యాహ్నము వరకు ఈ మౌసును స్పృశింపను! అంతలో ఒక్క పరాయి మానవుడైనను నా వ్యాసము చదివిన జాడ కానరాదేని, ఈ బ్లాగును భస్మీపటలము గావింతును!”

“అలాగేనండి. ముందు కాఫీ తాగండి, చల్లారిపోతోంది.”

అది మొదలు ఆ ధీరుడు చేసిన తపస్సు ఏమని వర్ణింతుము! మౌసువైపు పాకు కుడిచేతిని ఎడమచేత బంధించెను. పుష్కరాలరేవుకు పోయి, మనసు నిలువక మెట్లు దిగకుండనే మరలివచ్చెను. అన్నములో మజ్జిగకు బదులు మంచినీళ్లు పోసికొనెను.

ఆదివారము మధ్యాహ్నమయ్యెను. మౌసును చేపట్టి పుట తెరచెను. అంకె మూడు పెరిగియుండెను; తాను ఇప్పుడు తెరచినదానిని తీసివేయగా రెండు మిగిలెను!

“ఇద్దరు! హైమా, ఇద్దరు!”

“అందులో ఒకటి నేనేనండీ,” అనెను హైమవతి తలవంచుకొని. “మీ మొహం చూడలేక నిన్న తెరిచాను.”

ఆయన గుండె సగము జారెను. మిగిలిన ఆ ఒక్కటి ఎవ్వరిది? పుటను క్రిందికి జరుపగా, సామర్లకోట వాస్తవ్యురాలు పాపాయి అను ఇల్లాలు వ్రాసిన వ్యాఖ్య ఒకటి ఖడ్గమువలె తళుక్కుమనెను.

“మాస్టారూ, మొత్తం చదివానండి. పొయ్యి మీదుండగానే ఆవ కలిపెయ్యమన్నారేంటండీ? చేదెక్కిపోద్ది. అసలు మీరెప్పుడన్నా వంటింట్లోకి వెళ్లారా?”

హైమవతి కొంగు నోటికడ్డముంచుకొనెను. “ఆవిడ తిట్టిందండీ మిమ్మల్ని.”

సూర్యప్రకాశం గారి కన్నులు చెమర్చెను. గ్రాంథికము మరచి ఆయన కేక పెట్టెను.

“తిట్టనీ హైమా! తిట్టాలంటే ఆఖరిదాకా చదవాలి కదే!”

మున్నూరుమంది మాయాసైనికులను పోగొట్టుకొని, నిక్కమైన శత్రువు నొక్కతెను గెలుచుకొన్న ఆ వీరాగ్రణి, ఉత్తరీయము సవరించుకొని, మేడకిటికీ తలుపులు బార్లా తెరచి, ఉభయగోదావరీ మండలములు వినునట్లు చాటెను:

“చదివారండోయ్! ఒకరు చదివారు!”