తువ్వాలు వేసిన సీటు

ఆ బుధవారం పొద్దున రామమోహన్ వేసుకున్న పథకంలో తప్పుపట్టడానికి ఏమీ లేదు. ధర్మవరంలో బస్సెక్కాలి, పెనుకొండ మీదుగా హిందూపురం చేరాలి, పన్నెండుకు రాహుకాలం మొదలయ్యేలోగా అంగడి సొంతదారు శంకరప్పకు తాంబూలమిచ్చి తాళంచెవి అందుకోవాలి. బడికి పోయే పిల్లవాడైనా చేయగలిగిన పని. కాకపోతే బడిపిల్లవాడు మస్కట్‌లో ఉండి రాలేదు.

రామమోహన్ ఉండి వచ్చాడు. అక్కడ ఒక సూపర్‌మార్కెట్లో కొన్నేళ్ళు కౌంటరు దగ్గర నిలబడి, సామాన్లు సంచుల్లో సర్ది ఇచ్చాడు. ఆ మాత్రానికే ఆ దేశాన్ని తానే పరిపాలించి వచ్చినట్టు మాట్లాడేవాడు. ధర్మవరంలో దిగిన నాటి నుంచి నీళ్ళు బాగాలేవు, రోడ్లు బాగాలేవు, మనుషులు అసలే బాగాలేరు. అన్న తన కిరాణా అంగట్లో మిరపకాయల మూటల మధ్య కూర్చోబెడితే, తుమ్ముకొకసారి "అక్కడైతేనా..." అని మొదలుపెట్టేవాడు. వదిన విసిగిపోయి తుమ్ములకు మాత్రలు తెప్పించింది గానీ, మాటలకు మందు దొరకలేదు.

అందుకే హిందూపురం బజారులో అంగడి దొరుకుతోందనగానే ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. అద్దాల తలుపు, చక్రాల బుట్టలు, సొంత సూపర్‌మార్కెట్! అడ్వాన్సు కట్టి, బోర్డు కూడా ముందే రాయించేశాడు. ఈ అంగడి చేజారితే మళ్ళీ మిరపకాయల మధ్యకే పోవాలని అతనికి తెలుసు, భార్య పూర్ణిమకు ఇంకా బాగా తెలుసు. ఇప్పుడున్న బాడుగదారు ముసలివాడైపోయి సొంత ఊరు వెళ్ళిపోతున్నాడనీ, బుధవారం వచ్చి తాళంచెవి ఇచ్చేస్తాడనీ ఎస్టీడీ బూతు నుంచి మాట్లాడినప్పుడు శంకరప్ప చెప్పాడు. ఆ ముసలాయన పేరేమిటో అడగాలని రామమోహన్‌కు తోచలేదు. మస్కట్ చూసినవాడికి తాళ్ళూ చేటలూ అమ్ముకునేవాడి పేరుతో పనేమిటి?

"ఈ టవాలు తీసుకుపోండి," అంది పూర్ణిమ. "బస్సు రాంగానే కిటికీలోంచి సీట్లో వెయ్యండి. లేకుంటే హిందూపురం దాకా నిలబడే పోవల్ల."

"గుడ్డ వేసి సీటు పట్టుకునేదేంది? మస్కట్‌లో అయితే బుద్ధిగా లైన్లో నిలబడి ఎక్కుతారు."

"ఈ బస్సు మస్కట్ నుంచి రాదండీ, అనంతపురం నుంచి వస్తాది."

అయినా తువ్వాలు బల్ల మీదే ఉండిపోయింది.

బస్టాండులో బస్సు ఇంకా ఆగకముందే జనం దాని వెంట పరుగెత్తారు. తువ్వాళ్ళు, చేతిరుమాళ్ళు, వంకాయల సంచి, పిల్లవాడి టోపీ, ఒక చెప్పు కూడా కిటికీల్లోంచి లోపలికి పోయాయి. వేసినవాళ్ళు నింపాదిగా టీ తాగడానికి వెళ్ళారు. పక్కవాడి పొలం గట్టును రాత్రికి రాత్రి జరిపేసే మొనగాళ్ళు కూడా ఆ బస్టాండులో తువ్వాలు వేసిన సీటు జోలికి పోరు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. రామమోహన్ తలుపు దగ్గర లైనుగా నిలబడ్డాడు. ఆ లైన్లో అతనొక్కడే ఉన్నాడు.

లోపలికి వెళ్ళి చూస్తే ఒక్క సీటూ ఖాళీగా లేదు. సగం సీట్లలో మనుషులు, సగం సీట్లలో గుడ్డలు. కిటికీ పక్క సీట్లో ఎర్రంచు తువ్వాలు ఒకటి ఉంటే, తీసి కడ్డీకి తగిలించి దర్జాగా కూర్చున్నాడు. కాసేపటికి దాని సొంతదారు తిమ్మప్ప మూతి తుడుచుకుంటూ వచ్చాడు. పెద్దవాడు, నెమ్మదస్తుడు.

"ఏమప్పా, ఈడ నా టవాలుండల్ల గదా?"

"అదో, కడ్డీకి తగిలించినా."

"మంచిది. లెయ్యి మరి."

"నేనెందుకు లేస్తా పెద్దాయనా? టికెట్టు మనిషికిస్తారా, టవాలుకిస్తారా?"

తిమ్మప్పకు ఇంత వయసులోనూ ఈ ప్రశ్న ఎదురుకాలేదు. "టవాలు వేసే గదప్పా టీకి పోయింటి!" అన్నాడు, ఇంతకుమించి రుజువేం కావాలన్నట్టు.

"ఇట్లాంటోళ్ళ వల్లే ఈ దేశం ఇట్లా తగలడింది," అంటూ రామమోహన్ ఆ తువ్వాలును తీసి కిటికీలోంచి బయటికి విసిరేశాడు. అది పోయి బురదగుంటలో పడింది.

బస్సంతా నోరు తెరుచుకుని చూసింది. తిమ్మప్ప దాన్ని తెచ్చుకోవడానికి దిగి వెళ్ళాడు. రామమోహన్ దేశానికి క్రమశిక్షణ నేర్పినవాడిలా చొక్కా సర్దుకున్నాడు. అతను నేర్పిన పాఠం మాత్రం బస్సులోవాళ్ళకు వేరుగా అర్థమైంది. టమోటా గంపతో నిలబడి ఉన్న కుళ్ళాయమ్మ ముందు సీటు మీది చేతిరుమాలును చటుక్కున తీసి అవతల పడేసింది.

"ఆ సారు తీస్తే తప్పులేదంట, నేను తీస్తే తప్పా?" అని కూలబడింది.

ఇంక చెప్పేదేముంది! నిలబడినవాళ్ళందరూ సీట్ల మీద పడ్డారు. టోపీ ఒక మూలకు, వంకాయలు ఒక మూలకు, చెప్పు గాల్లోకి పోయాయి. టీ తాగి వచ్చినవాళ్ళు తమ గుడ్డలు కనబడక ఒకరి చొక్కాలు ఒకరు పట్టుకున్నారు. ఈ ఊపులో ఎవడో ఉత్సాహవంతుడు డ్రైవరు సీటు మీది తువ్వాలును కూడా ఎత్తి పారేశాడు. డ్రైవరు వచ్చి సీటు చూసి, అక్కడే నిలబడిపోయాడు.

"నా టవాలేది?"

"ఆలస్యమవుతాంది అన్నా, పోనీలే, బండి తియ్యి," అన్నాడు కండక్టరు.

"ఇన్నేండ్లుగా దాని మీదే కూర్చుని తోల్తాండా. ఒక్క కోడికి కూడా తగల్లేదు. అది లేందే బండి కదల్దు."

వెతుకులాట మొదలైంది. కండక్టరు దొరికినవన్నీ ఇంజను మూత మీద కుప్ప పోసి, "ఈ చెప్పు ఎవరిది?" అంటే నలుగురు చేతులెత్తారు. దొరికిన వస్తువులను ఎలా భద్రపరచాలో, మస్కట్‌లో దానికి ఎంత చక్కటి ఏర్పాటు ఉందో కండక్టరుకు వివరించాలని రామమోహన్ లేచాడు. అతని వీపు సీటును వదిలిందో లేదో, ఒక లావుపాటి మనిషి అందులో సర్దుకున్నాడు.

"అది నా సీటు!"

"నీదని ఎట్ల తెలుస్తాదప్పా? లేసేటప్పుడు ఏదన్నా గుడ్డ వేసి లేయల్ల."

బస్సంతా విరగబడి నవ్వింది. ఇంతలో ఈ రచ్చ భరించలేక కుళ్ళాయమ్మ సంతకే పోతానని గంప నెత్తిన పెట్టుకుని దిగిపోయింది. ఆమె గేటు దాటుతుండగా ఎవరో కేక వేశారు. డ్రైవరు తువ్వాలు ఆమె గంప కింద చుట్టకుదురుగా ఉంది!

"మెత్తగా ఉండాదని చుట్ట చేసుకుంటి. దీనికింత రచ్చేంది?" అని ఆమె దాన్ని డ్రైవరు మొహాన విసిరింది.

బస్సు కదిలేసరికి ఎండ బాగా ఎక్కింది. రామమోహన్ కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. పక్కన తిమ్మప్ప, భుజాన బురద తువ్వాలుతో. పెనుకొండ కొండ కనబడింది. అప్పుడు తిమ్మప్పే పలకరించాడు.

"యాడికప్పా?"

"హిందూపురం. శంకరప్పగారి అంగట్లో సూపర్‌మార్కెట్ పెడుతున్నా." నోరు ఊరికే ఉంటే అతను రామమోహన్ ఎందుకవుతాడు? "ఇప్పుడు ఎవడో ముసలాయన తాళ్ళూ చేటలూ అమ్ముతుంటాడంట. లోపలంతా బూజు, ఎలుకలు. ఆయన పోయిన పూటే ఫినాయిలు పోసి కడిగిస్తా."

"ఆయప్ప ఖాళీ చేస్తాడని నమ్మకమేనా?"

"చేయక ఏం చేస్తాడు?"

"అదీ నిజమేలే," అన్నాడు తిమ్మప్ప.

హిందూపురంలో దిగేసరికి రాహుకాలం వచ్చి కూర్చునే ఉంది. అది గడిచే దాకా హోటల్లో గడిపి, మొహం కడుక్కుని, తల దువ్వుకుని రామమోహన్ అంగడికి వెళ్ళాడు. గుమ్మంలో శంకరప్ప తల పట్టుకుని ఉన్నాడు. లోపల చేటల మధ్య గద్దె మీద తిమ్మప్ప ఉన్నాడు. బురద ఆరిన ఎర్రంచు తువ్వాలు పక్కనే పరిచి ఉంది.

"ఏం చేసినావప్పా?" అన్నాడు శంకరప్ప. "నిన్నటి దాకా సొంతూరు తాడిమర్రికి పోతా, సేద్యం చూసుకుంటా అనిన మనిషి, ఇప్పుడు లెయ్యనంటాండాడు!"

"పెద్దాయనా, పొరపాటైపోయింది. తెలీక చేసినా. మీ కాళ్ళు పట్టుకుంటా," అన్నాడు రామమోహన్. మస్కట్ నుంచి వచ్చాక అతను ఒక మనిషిని మీరనడం అదే మొదలు.

"కాళ్ళెందుకు లేప్పా, కూర్చో. అయ్యో, కూర్చునేదానికి చోటేదీ? టవాలుండాది."

రామమోహన్ ఆ తువ్వాలు వైపు చూశాడు. చెయ్యి పెట్టే ధైర్యం లేక శంకరప్ప వైపు తిరిగాడు.

"నా చేతిలో ఏముండాది? ఆయన లేస్తే నీకిస్తా. లేకుంటే నీ అడ్వాన్సు దుడ్లు నీకిస్తా," అన్నాడు శంకరప్ప. "అయినా మనుషుల్ని సీట్లోంచి లేపే విద్య నీకు బాగా తెలుసంట గదా. బజారంతా చెప్పుకుంటాండారు."

దేశాన్ని బాగుచేయబోతే, కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. సూపర్‌మార్కెట్ బోర్డును అన్న మిరపకాయల మూటలకు అడ్డం పెట్టుకున్నాడు. వాటి మధ్య కూర్చుని రామమోహన్ ఇప్పుడు తుమ్ముతాడు గానీ, తుమ్మిన తర్వాత ఏమీ మాట్లాడడు. నెలకోసారి హిందూపురం వెళ్ళి, అంగడి గుమ్మంలో కాసేపు నిలబడి వస్తుంటాడు.

రెండేళ్ళయింది, తిమ్మప్ప ఇంకా లేవలేదు.